తెగిన కండరంలో మచ్చ పెరగకుండా చూసుకోవడం ఎలా?

తెగిన కండరాన్ని తిరిగి కట్టుకునే ఏర్పాటు కండరంలోనే ఉంది. ప్రతి కండర తంతువుకూ, దాన్ని చుట్టి ఉండే పలుచని తొడుగుకూ మధ్య శాటిలైట్ కణాలు నిద్రాణంగా ఉంటాయని శాస్త్రవేత్త అలెగ్జాండర్ మౌరో 1961లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సాయంతో గుర్తించారు. గాయమైనప్పుడు ఇవి మేలుకుని, విభజన చెంది, ఒకదానితో ఒకటి కలిసిపోయి కొత్త తంతువులుగా మారతాయి. తొడుగు చెక్కుచెదరకుండా ఉంటే, పాత తంతువు ఉన్న గొట్టంలోనే కొత్తది పెరుగుతుంది. తొడుగు కూడా తెగి, తెగిన కొసల మధ్య నెత్తురు గడ్డకడితే, ఆ ఖాళీని ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు కొలాజెన్ అనే గట్టి ప్రోటీన్ పోగులతో పూడుస్తాయి. మచ్చ అంటే ఇదే. ఇది కొసలను పట్టి ఉంచుతుంది కానీ, కండరంలా ముడుచుకోలేదు.

కనుక మొదటి పని లోపలి రక్తస్రావాన్ని తగ్గించడం. బట్టలో చుట్టిన ఐసును 15 నుంచి 20 నిమిషాల పాటు పెట్టి, క్రేప్ బ్యాండేజీని మరీ బిగించకుండా చుట్టి, ఆ భాగాన్ని ఎత్తులో ఉంచాలి. తొలి రోజుల్లో కాపడం, మర్దన పనికిరావు. గట్టి దెబ్బ తిన్న కండరాన్ని అప్పుడే పిసికితే అందులో ఎముక ఏర్పడే ముప్పు పెరుగుతుంది. నొప్పి గాయానికి మించి పెరుగుతున్నా, కండరం రాయిలా బిగుసుకున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారినా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

వాపును పూర్తిగా శత్రువుగా చూడటం పొరపాటు. వాపుతో పాటు అక్కడికి చేరి, మొదట పాడైన తంతువుల శిథిలాలను మింగే మాక్రోఫేజ్ కణాలే, ఆ తర్వాత స్వభావం మార్చుకుని కొత్త తంతువుల ఎదుగుదలకు తోడ్పడతాయి. అందుకే వాపు తగ్గించే మాత్రలను వైద్యుడు చెప్పినన్ని రోజులకు మించి వాడకూడదు.

అసలు మెలకువ విశ్రాంతిని ఎప్పుడు ముగించాలో తెలుసుకోవడంలో ఉంది. తీవ్రంగా చిరిగిన కండరానికి సాధారణంగా 3 నుంచి 7 రోజుల కదలని విశ్రాంతి అవసరం, ఎందుకంటే కొత్త అతుకు అప్పటికింకా లేతగా ఉంటుంది. అది దాటాక కూడా కదలకుండా ఉంచితే కండరం క్షీణించి, మచ్చ అడ్డదిడ్డంగా అల్లుకుంటుంది. వైద్యుడు సరేనన్నాక, కీలు కదలకుండా కండరాన్ని బిగించే వ్యాయామంతో మొదలుపెట్టాలి: తొడ ముందు కండరమైతే, కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని 5 సెకన్లు కిందికి అదిమి వదలాలి. ఇది నొప్పి లేకుండా చేయగలిగాకే కీలును కదపడం, ఆపైన బరువులు. సాగదీత లాగినట్టు అనిపించే దగ్గర ఆగాలి, నొప్పి దాకా పోకూడదు.

ప్రమాదంలో కండరంలోని పెద్ద ముక్కే ఊడిపోతే లెక్క వేరు. కొత్త తంతువులు పెరగడానికి కావలసిన తొడుగులూ, శాటిలైట్ కణాలూ దానితోపాటే పోతాయి గనుక ఆ గుంటను ఏ వ్యాయామమూ పూడ్చలేదు. శస్త్రచికిత్సతో వేరే చోటి కండరాన్ని తెచ్చి అమర్చవలసి రావచ్చు, ఫిజియోథెరపీ మిగిలిన కండరాన్ని బలపరచడానికే పరిమితమవుతుంది.