కళింగపట్నంలో ఫ్రెండ్స్‌తో తెరచాప పడవెక్కే ముందు

ముందురోజు రాత్రే ఇన్‌కాయిస్ (సముద్రం పరిస్థితి చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సైట్‌లో అలల ఎత్తు, గాలి వేగం చూసుకోండి, తుఫాను హెచ్చరిక ఉంటే ఇంక ఆలోచించొద్దు, ట్రిప్ కేన్సిల్. మామూలుగా తెల్లారుజామున నేలగాలి పడవని సముద్రం లోపలికి తోస్తుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి ఒడ్డుకి తెస్తుంది, కానీ మబ్బు పట్టిన రోజు ఈ లెక్క నమ్మొద్దు. వంశధార మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దగ్గర చాలా జాగ్రత్త, ఏటి నీరు బయటికి తోస్తుంటే అలలు ఎదురొచ్చి గుద్దుతాయి, కింద ఇసుక మేటలు జరిగిపోతుంటాయి, అందుకే ఊళ్లో అనుభవమున్న మత్స్యకారుణ్ణి "మావా, ఇవాళ మొగ ఎలాగుంది" అని అడిగి, కుదిరితే ఆయన్నే ఎక్కించుకోండి. లైఫ్ జాకెట్లు ఒంటి మీదే ఉండాలి, పడవ అడుగున కాదు. పడమట నల్లమబ్బు లేచి గాలి ఒక్కసారిగా చల్లబడిందా, వెంటనే చాప తగ్గించి వెనక్కి తిప్పేయండి, ఎందుకంటే ఆ గాలి పడవని ఇంకా లోపలికే తోస్తుంది, "ఇంకాసేపు ఉందాంరా" అనే ఫ్రెండ్ మాట అస్సలు వినొద్దు. కోస్ట్ గార్డ్ నంబర్ 1554, అందరూ సేవ్ చేసుకోండి.