జర్మనీలో జీతంతోపాటు కారు కూడా ఇస్తామంటే

ఆఫర్ లెటర్‌లో "ఫిర్మెన్‌వాగెన్, సొంత వాడకానికి కూడా" అన్న లైను కనబడగానే ఇంట్లో పండగే. అమ్మానాన్నలకు ఫోన్ చేసి కంపెనీ కారిస్తోందని చెప్పేస్తాం. చెప్పండి, తప్పులేదు. సంతకం మాత్రం లెక్క చూసుకున్నాకే పెట్టండి.

కంపెనీ కారును సొంత పనులకు వాడుకుంటే ఇక్కడ దాన్నీ జీతంగానే చూస్తారు. పెట్రోల్, డీజిల్ కారైతే లిస్టు ధరలో 1 శాతాన్ని నెలనెలా జీతానికి కలిపి పన్ను వేస్తారు. ఆఫీసుకూ ఆ కారులోనే వెళ్తే, ఒకవైపు దూరానికి కిలోమీటరుకు 0.03 శాతం చొప్పున ఇంకా కలుస్తుంది. లిస్టు ధర అంటే కంపెనీ బేరమాడి కొన్న ధర కాదు. ఆ కారు మొదట రిజిస్టరైన రోజున కొత్తగా ఉన్న ధర, వ్యాట్‌తో సహా. మీ చేతికి పాత కారు వచ్చినా లెక్క కొత్తదాని మీదే.

నాకు దెబ్బ తగిలింది కిలోమీటర్ల దగ్గర. కారు లిస్టు ధర 42,000 యూరోలు, అంటే 1 శాతం 420. అద్దె తక్కువని ఆఫీసుకు 30 కిలోమీటర్ల దూరంలో ఇల్లు తీసుకున్నాను. కిలోమీటరుకు 12.60 చొప్పున 378. మొత్తం 798. మొదటి పే స్లిప్‌లో ఆ అంకె పైన జీతానికి కలిసింది, దానిమీద పన్నూ సోషల్ సెక్యూరిటీ కోతలూ పడ్డాయి, అది డబ్బుగా ఇచ్చేది కాదు కనుక కింద మళ్లీ మొత్తం 798 తీసేశారు. పెళ్లికాని నాకు, పన్ను క్లాస్ 1లో, చేతికొచ్చేది 370 యూరోలకు పైగా తగ్గింది. ఇంటికి పంపుదామనుకున్న డబ్బు అది. ఆఫీసులో ఎవరూ ముందు చెప్పలేదు, నేనూ అడగలేదు.

అదే ధరకు ఎలక్ట్రిక్ కారు అడిగి ఉంటే లిస్టు ధరలో పావు వంతు మీదే లెక్క. 798 బదులు 199.50 కలిసేది. 2025 జూలై నుంచి కంపెనీలు తీసుకున్న ఎలక్ట్రిక్ కార్లకు లక్ష యూరోల ధర దాకా ఈ పావు లెక్క వర్తిస్తుంది. కాబట్టి ఏ కారు అన్నది మొహమాటపడకుండా మాట్లాడుకోండి. వారానికి రెండు రోజులే ఆఫీసుకు వెళ్లేవాళ్లు వెళ్లిన రోజుల లెక్క అడగొచ్చు, రోజుకు కిలోమీటరుకు 0.002 శాతం. నెలకు 8 రోజులైతే నా 378 కాస్తా 201.60 అయ్యేది. తారీఖులు మాత్రం రాసిపెట్టుకోవాలి. మూడు వారాలు ఊరికి వెళ్లొచ్చారని 1 శాతం తగ్గదు.

అన్నిటికన్నా ముందు లైసెన్సు. మన ఇండియా లైసెన్సు ఇక్కడ నివాసం మొదలైన ఆరు నెలల దాకానే చెల్లుతుంది. తర్వాత థియరీ, డ్రైవింగ్ పరీక్షలు రెండూ పాసవ్వాలి. థియరీ ఇంగ్లీషులో రాయొచ్చు. తేదీలు దొరకడానికి టైం పడుతుంది కనుక వచ్చిన మొదటి నెలలోనే డ్రైవింగ్ స్కూల్లో చేరండి. ఆరు నెలలు దాటి లైసెన్సు రాకపోతే, నడపలేని కారుకు పన్ను ఎవరు భరిస్తారో ముందే తేల్చుకోండి.

ఊరి మధ్యలో ఇల్లు, పక్కనే ఎస్-బాన్ (లోకల్ రైలు) స్టేషన్ ఉంటే 63 యూరోల డాయిచ్‌లాండ్ టికెట్‌తో నెలంతా దేశమంతటా లోకల్ రైళ్లు, బస్సులు ఎక్కొచ్చు. అలాంటప్పుడు నేనైతే కారు వద్దంటాను. "కారు బదులు జీతం ఎంత పెంచుతారు?" అని ఈమెయిల్‌లో అడగండి. కారుతో ఒకటి, కారు లేకుండా ఒకటి, నెట్టో (చేతికొచ్చే జీతం) లెక్క రెండూ రాసివ్వమనండి.