మొండి బోల్టు విరగకముందే అడగండి

పాత కారు పని సొంతంగా చేసుకునేవాళ్లకి ఒక మాట. తుప్పు పట్టిన బోల్టు కదలట్లేదంటే, పానా మీద బలం పెంచకముందే ఆగి తెలిసినవాళ్లని అడగండి. తల విరిగాక అడిగితే ఎంత మంచి మెకానిక్ అయినా డ్రిల్లింగ్ గురించే చెప్పాల్సి వస్తుంది.

అడిగేటప్పుడు "బోల్టు రావట్లేదు" అంటే చాలదు. అది ఎక్కడి బోల్టు, 12 పానాదా 14దా, బిగుసుకుంది ఇనుములోనా అల్యూమినియంలోనా, ఇప్పటిదాకా ఏమేం చేశారు, అన్నీ చెప్పండి. అల్యూమినియం అయితే మరీ ముఖ్యం. ఇంజన్ వేడి మీద స్పార్క్ ప్లగ్ విప్పితే అల్యూమినియం హెడ్‌లోని (ఇంజన్ పై భాగంలోని) మరలు దెబ్బతింటాయి, పూర్తిగా చల్లారాకే ముట్టుకోవాలి.

నేనైతే వైర్ బ్రష్‌తో తుప్పు దులిపి, పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి ఇంకే పల్చటి నూనె) కొట్టి రాత్రంతా వదిలేస్తాను. పొద్దున ఆరు మూలల సాకెట్ పెట్టి (పన్నెండు మూలలది జారి తలని అరగదీస్తుంది) ముందు బిగించే వైపు కొద్దిగా, తర్వాత విప్పే వైపు. టిక్కుమని కదిలితే పట్టు వదిలినట్టే. ఒక్కసారిగా లాగేయకుండా పావు చుట్టు విప్పి, కాస్త వెనక్కి తిప్పి, మళ్లీ ఆయిల్ కొట్టాలి. చేతికి మెత్తగా సాగుతున్నట్టు తగిలితే వెంటనే ఆపండి, లోపల బోల్టు మెలి తిరుగుతోంది.

బోల్టు వదులవ్వాలని వేడి చేసేవాళ్లు పెట్రోల్ పైపులు, బ్రేక్ గొట్టాల దగ్గర మంట పెట్టొద్దు. బ్రేక్ ప్యాడ్ల మీద ఆ ఆయిల్ చుక్క కూడా పడకూడదు, ముందే గుడ్డ కప్పండి.