మొదటి రోడ్ సైకిల్ కొనే ముందు, దాంతో రోడ్డెక్కే ముందు

నాలుగేళ్ల కింద, షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టరుగారు చెప్పిన వారంలోనే రోడ్ సైకిల్ కొన్నాను. వంపు హ్యాండిల్, సన్నటి టైర్లు, ఎర్ర రంగు. చూడగానే నచ్చేసింది. నా సైజు షాపులో లేదు, ఉన్నది ఒక సైజు పెద్దది. "సీటు దించి అడ్జస్ట్ చేస్తాం సార్, ఏం కాదు" అన్నారు. సరే అన్నాను. మూడో వారానికి మెడ పట్టేసింది, అరచేతులు తిమ్మిరెక్కాయి. ఆ తర్వాత రెండు నెలలు సైకిల్ బాల్కనీలోనే ఉంది. చివరికి వచ్చినకాడికి అమ్మేసి, నా ఒంటికి సరిపోయేది కొనుక్కున్నాను. ఇప్పటికీ అదే తొక్కుతున్నాను. ఆరోగ్యం కోసం సైకిల్ మొదలుపెడదామని ఆశపడేవాళ్లకి ఆ రెండు నెలలు వృథా కాకూడదనే ఇది రాస్తున్నాను.

ఇంగ్లీషులో దీన్ని రోడ్ బైక్ అంటారు గానీ, మనకి బైక్ అంటే మోటార్ సైకిలే కాబట్టి దీన్ని రోడ్ సైకిల్ అనే అంటాను. తారు రోడ్డు మీద వేగంగా, తక్కువ శ్రమతో సాగిపోవడానికి చేసిన సైకిల్ ఇది. అదే దాని సుఖం, అదే దాని ప్రమాదం కూడా. మామూలు సైకిల్ మీద పట్టించుకోని చిన్న గుంత దీని మీద పెద్ద విషయమే.

డబ్బు సంగతి ముందు తేల్చుకోండి. పేరున్న కంపెనీల్లో మొదటి మెట్టు రోడ్ సైకిళ్లు సుమారు 25 వేల నుంచి 45 వేల వరకు ఉంటాయి. చేతిలో 40 వేలు ఉంటే 40 వేల సైకిల్ కొనకండి. 30 వేలది చూడండి. హెల్మెట్‌కి 2 వేలు, ముందు వెనక లైట్లకి 1,500, మంచి పంపుకి 1,500, రెండు ట్యూబులు, టైరు విప్పే ప్లాస్టిక్ లివర్లు, ప్యాచీలు కలిపి వెయ్యి, ప్యాడ్ ఉన్న షార్ట్స్‌కి 1,500, తాళానికి 800. ఇవే 8,300 అయ్యాయి. మిగిలింది నెల తర్వాత చేయించాల్సిన సర్వీసుకి ఉంచండి. కొత్త సైకిల్‌కి గేరు వైర్లు సాగుతాయి, స్పోకులు కాస్త వదులవుతాయి, అందుకే ఆ మొదటి సర్వీసు మానకూడదు. ఇక 10 వేలకే వంపు హ్యాండిల్ పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మేవి ఉంటాయి. చూపుకి రోడ్ సైకిలే గానీ బరువు ఎక్కువ, బ్రేకులు మెత్తన, పాడైతే విడిభాగాలు దొరకవు. ఆ డబ్బుకి మంచి మామూలు సైకిల్ కొనుక్కోవడమే మేలు.

ఇప్పుడు సైజు. నన్నడిగితే మొత్తం కొనుగోలులో సగం జాగ్రత్త ఇక్కడే పెట్టాలి. ఫ్రేములు 48, 51, 54 అని సెంటీమీటర్లలోనో, ఎస్, ఎమ్, ఎల్ అనో వస్తాయి. ఒక కంపెనీ ఎమ్ ఇంకో కంపెనీ ఎమ్ ఒకటి కావు, కాబట్టి చార్టు చూసి ఆగిపోకుండా ఎక్కి చూడాలి. బూట్లు వేసుకుని, ఫ్రేము పైగొట్టానికి అటూ ఇటూ కాళ్లు వేసి నిలబడండి. రెండు పాదాలూ నేలకి ఆనినప్పుడు మీకూ గొట్టానికీ మధ్య కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. తర్వాత ఎవరినైనా సైకిల్ పట్టుకోమని సీటెక్కండి. మడమ పెడలు మీద పెట్టి, పెడలు అడుగుకి వచ్చేసరికి మోకాలు నిటారుగా అయితే సీటు ఎత్తు సుమారుగా సరిపోయినట్టే. అసలు తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది.

సీటు ఎత్తు తర్వాతైనా మార్చుకోవచ్చు. హ్యాండిల్ దూరమే అసలు చిక్కు. చేతులు బ్రేకు లివర్ల పైభాగం మీద పెట్టినప్పుడు మోచేతులు కొంచెం వంగి ఉండాలి, భుజాలు చెవుల దగ్గరికి ఎక్కకూడదు. చేతులు బారుగా చాచాల్సి వస్తే ఆ ఫ్రేము మీది కాదు. హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ మార్చి ఒకటి రెండు సెంటీమీటర్లు సర్దుకోవచ్చు, అంతకుమించి కుదరదు. నా మొదటి సైకిల్‌లో జరిగింది ఇదే. సీటు దించారు గానీ హ్యాండిల్ దగ్గరికి రాలేదు. రెండు సైజుల మధ్య ఊగుతుంటే కొత్తవాళ్లు చిన్నదే తీసుకోవడం మంచిది. చిన్నదాన్ని కాస్త పొడిగించొచ్చు, పెద్దదాన్ని కుదించలేం. పొట్టిగా ఉండేవాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి, షాపులో చిన్న ఫ్రేము ఒక్కోసారి దొరకదు. రెండు వారాలు ఆగి తెప్పించుకోండి. వాళ్ల వేళ్లకి బ్రేకు లివరు అందుతుందో లేదో కూడా అక్కడే చూడాలి, చాలా లివర్లని స్క్రూతో దగ్గరికి తేవచ్చు.

బరువు వంద కిలోలు దాటినవాళ్లు ఆ సైకిల్ ఎంత బరువు మోస్తుందో కాగితాల్లో చూసుకోవాలి. చక్రానికి ఎన్ని స్పోకులున్నాయో లెక్కపెట్టండి. 20 స్పోకుల చక్రం అందంగా ఉంటుంది గానీ మీకు 32 ఉన్నదే నిలుస్తుంది.

మన రోడ్లకి టైరు వెడల్పే రక్ష. 23, 25 మిల్లీమీటర్ల టైర్లు రేసుల ఫొటోల్లో బాగుంటాయి. మీరు 28 కంటే తక్కువ వద్దు, 32 పట్టే ఫ్రేమైతే ఇంకా మంచిది. ఇప్పుడు 28 ఉన్నా తర్వాత 32 వేయించుకునే చోటు బ్రేకు దగ్గర, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు దగ్గర ఉందా అని అడగండి. గాలి తక్కువై గుంతలో పడితే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. 70 కిలోల మనిషికి 28 టైరులో సుమారు 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), 32లో 65 దాకా సరిపోతుంది. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠం ఎప్పుడూ దాటకండి. ఈ సన్నని ట్యూబుల్లో గాలి దానంతటదే దిగిపోతుంది, వారానికోసారైనా కొట్టుకోవాలి.

ఆ గాలి కొట్టడంలోనే ఇంకో సంగతి ఉంది. చాలా రోడ్ సైకిళ్లకి ప్రెస్టా అనే సన్నటి వాల్వు ఉంటుంది. పైన చిన్న నట్టు వదులు చేసి, ఒకసారి నొక్కి, అప్పుడు పంపు పెట్టాలి. పెట్రోల్ బంకు గొట్టం, పంక్చరు షాపు పంపు నేరుగా దీనికి పట్టవు. నాణెమంత కూడా లేని ఇత్తడి అడాప్టరు ఒకటి దొరుకుతుంది. కొన్నరోజే దాన్ని తీసుకుని సీటు కింద సంచిలో పడేయండి. పంక్చరు షాపులు తెరవని తెల్లవారుజామునే మీరు తొక్కుతారు కాబట్టి ట్యూబు మార్చడం ఇంట్లో రెండుసార్లు సాధన చేయాలి, వెనక చక్రంతో సహా.

గేర్ల గురించి ఎక్కువ టెన్షన్ పడొద్దు. విజయవాడ కాలవగట్ల మీద, కోనసీమలో తొక్కేవాళ్లకి ముందు ఒకే పళ్లచక్రం, వెనక ఏడు ఉన్నా చాలు. హైదరాబాద్ జూబ్లీహిల్స్ ఎత్తులకి, విశాఖ కైలాసగిరి లాంటి ఎక్కుడుకి ముందు రెండు చక్రాలు, చిన్నది 34 పళ్లది, వెనక పెద్దది కనీసం 28, వీలైతే 32 పళ్లది ఉండేలా చూసుకోండి. గేర్లు తయారుచేసే షిమానో కంపెనీ రకాల్లో క్లారిస్ అంటే వెనక ఎనిమిది గేర్లు, సోరా అంటే తొమ్మిది. మొదటి సైకిల్‌కి క్లారిస్ ధారాళంగా సరిపోతుంది. గేరు మీట బ్రేకు లివర్‌లోనే కలిసి ఉంటే, గేరు మార్చడానికి చెయ్యి బ్రేకు మీంచి తీయక్కర్లేదు. ట్రాఫిక్‌లో తొక్కేవాళ్లు దీనికోసం రెండు మూడు వేలు ఎక్కువైనా పెట్టొచ్చు.

పాతది కొంటే అదే డబ్బుకి మంచిది వస్తుంది, కానీ పట్టపగలు చూడండి. గొట్టాలు అతికిన చోట్ల సన్నటి గీత కనిపిస్తే వేలిగోరు నడిపి చూడండి. గోరు తగిలితే వదిలేయండి. పెడలు బిగించి ఉండే కాడని పట్టుకుని అటూ ఇటూ ఊపండి, కదలకూడదు. ముందు బ్రేకు నొక్కి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ తొయ్యండి, హ్యాండిల్ మెడ దగ్గర టక్కుమని ఆడకూడదు. సీటు గొట్టం పైకీ కిందికీ జరుగుతుందా చూడండి. చైను అరుగుదల స్కేలుతో తెలుస్తుంది. ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని వదిలేసి లెక్కపెడితే వచ్చే 24వ పిన్ను మధ్యకి సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి, ఎనిమిదో వంతు పెరిగితే వెనక పళ్లచక్రాలు కూడా అరిగినట్టే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. బిల్లు లేని సైకిల్, పెడళ్ల కింద ఉండే ఫ్రేము నంబరు గీకేసిన సైకిల్ ఎంత చవకైనా వద్దు. వాడిన కార్బన్ ఫ్రేము కూడా వద్దు, లోపలి పగులు కంటికి కనిపించదు.

సైకిల్ ఇంటికొచ్చాక చాలామంది మొదటి ఆదివారమే 40 కిలోమీటర్లు పోతారు. దయచేసి పోకండి. 40 ఏళ్లు దాటినవాళ్లు, బీపీ, గుండె సంబంధమైన ఇబ్బంది ఉన్నవాళ్లు ముందు డాక్టరుని కలవండి. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకి తొక్కుతుండగా షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. పరగడుపున ఎక్కకండి, జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి, మాత్రల మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడండి. మొదటి నెల వారానికి మూడు రోజులు, రోజుకి 30 నుంచి 40 నిమిషాలు. పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగం చాలు. బరువైన గేరులో మోకాళ్లతో నెట్టకుండా, తేలిక గేరులో నిమిషానికి 75, 80 చుట్లు తిప్పడం అలవాటు చేసుకోండి. మోకాలి ముందు భాగం నొప్పి పెడితే చాలాసార్లు సీటు తక్కువైనట్టు, వెనక నొప్పి పెడితే ఎక్కువైనట్టు. అర సెంటీమీటరు చొప్పున మార్చి చూడండి. వేసవిలో ఎనిమిది లోపు ఇంటికొచ్చేయాలి. గంటకి సుమారు అర లీటరు నీళ్లు తాగండి.

ఎక్కడ తొక్కాలన్నది కూడా ముందే అనుకోండి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఉండేవాళ్లకి నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఔటర్ ప్రధాన రోడ్డు మీదికి మాత్రం వెళ్లకండి, అక్కడ టూవీలర్లకే అనుమతి లేదు. ఆగి ఉన్న కార్ల వరసకి మీటరు దూరం పాటించండి. డోరు ఎప్పుడు తెరుస్తారో తెలియదు. కుక్కలు వెంటపడితే వేగం పెంచకుండా, సైకిల్ దిగి, దాన్ని మీకూ వాటికీ మధ్య పెట్టి మెల్లగా నడవండి. నా అనుభవంలో చాలాసార్లు ఊరుకుంటాయి.

జూన్‌లో తొలకరి పడ్డాక ఇదంతా ఇంకోసారి నేర్చుకోవాల్సిందే. మొదటి వాన రోడ్డు మీద ఎన్నాళ్లుగానో పేరుకున్న నూనెని పైకి తెస్తుంది, ఆ అరగంట అన్నిటికంటే జారుడు. జీబ్రా గీతల తెల్ల రంగు, మ్యాన్‌హోల్ మూతలు, ఫ్లైఓవర్ మీద ఇనుప జాయింట్లు తడిస్తే సబ్బు మీద కాలేసినట్టే. వాటి మీద బ్రేకు వేయొద్దు, మలుపు తిప్పొద్దు, నిటారుగా దాటిపోండి. మురుగు కాలవ జాలీ కమ్మీలు రోడ్డు వెంబడే ఉంటే సన్నటి చక్రం ఆ సందులో దిగిపోతుంది. నీళ్లు నిలిచిన చోట అడుగున ఏముందో కనపడదు, దిగి నడిపించండి. రిమ్ముని పట్టే బ్రేకులు తడిలో మొదటి ఒకటి రెండు చుట్లు అసలు పట్టవు. దూరం నుంచే మెల్లగా నొక్కుతూ రిమ్ము తుడిచినట్టు చేసి, తర్వాత గట్టిగా నొక్కాలి. రోజూ వానలో ఆఫీసుకి వెళ్లేవాళ్లు డిస్క్ బ్రేకులకి డబ్బు పెట్టొచ్చు, మిగతావాళ్లకి రిమ్ము బ్రేకులు చాలు. ముందు బ్రేకు ఏ చేతికి ఉందో మాత్రం కొన్నరోజే తెలుసుకోండి, సైకిల్‌ని బట్టి మారుతుంది. అదొక్కటే గట్టిగా బిగిస్తే సైకిల్ మీంచి ముందుకు పడతారు.

బయల్దేరే ముందు రోజూ ఒక నిమిషం. గాలి నొక్కి చూడండి, రెండు బ్రేకులూ పట్టండి, చక్రాలని ఫ్రేముకి బిగించే లివర్లు గట్టిగా మూసి ఉన్నాయా చూడండి. హెల్మెట్ కనుబొమలకి రెండు వేళ్ల పైన కూర్చోవాలి, వెనక్కి జారకూడదు. వెనక ఎర్ర లైటు పగలైనా వెలగనివ్వండి. ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి. పేరు, బ్లడ్ గ్రూపు, ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ జేబులో ఉంచుకోండి. ఏదైనా జరిగితే పిలవాల్సింది 112. వానలో తడిసి తిరిగొచ్చాక చైనుని పాత బట్టతో తుడిచి, ఆరనిచ్చి, ఒక్కో లింకుకి ఒక్కో చుక్క చైను నూనె వేసి, పైపైన ఉన్నదంతా మళ్లీ తుడిచేయండి.