ఆపరేషన్ తర్వాత డాక్టరుకు వీడియో కాల్‌లో చూపించుకునేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

చిన్నపాటి శస్త్రచికిత్స జరిగి, గాయం సవ్యంగా మానుతున్నవారు ఇంటి నుంచే వీడియో కాల్‌లో డాక్టరుకు చూపించుకోవడం చాలావరకు సురక్షితమే. అయితే డాక్టరు తెర మీద గాయాన్ని తాకలేరు, పొట్ట నొక్కి చూడలేరు, చీము వాసన పసిగట్టలేరు. ఆ లోటు పూడ్చవలసింది రోగి, పక్కనున్న మనిషి.

కట్టు విప్పవచ్చో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. విప్పమంటే, సబ్బుతో చేతులు కడుక్కుని, పగటి వెలుతురు పడే కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా రెండు ఫోటోలు తీయాలి: శరీరంలో ఏ భాగమో తెలిసేలా కాస్త దూరం నుంచి ఒకటి, ఒక్కొక్క కుట్టూ కనిపించేలా దగ్గరి నుంచి ఇంకొకటి. కదిలే వీడియోలో గాయం మసకబారుతుంది కాబట్టి ఈ ఫోటోలను కాల్‌కు ముందే పంపడం మేలని నా గట్టి అభిప్రాయం. గాయం చుట్టూ ఎరుపు కనిపిస్తే దాని అంచు వెంబడి పెన్నుతో గీత గీయాలి. మర్నాటికి ఎరుపు ఆ గీత దాటితే వెంటనే డాక్టరుకు తెలియజేయాలి. నల్లని చర్మం మీద ఎరుపు సరిగా బయటపడదు కనుక, అలాంటివారు వేడి, వాపు, గట్టిదనం ఎలా ఉన్నాయో చేత్తో తాకి చూసి, మాటల్లో చెప్పాలి.

పారాసిటమాల్ జ్వరాన్ని అణచిపెడుతుంది. అందుకే మాత్ర వేసుకోకముందే ఉష్ణోగ్రత చూసుకోవాలి. అది 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, దాటితే చెప్పకుండా ఉండకూడదు. గాయం లోపల చేరే ద్రవాన్ని బయటకు పంపే డ్రెయిన్ గొట్టం ఉంటే 24 గంటల్లో ఆ ద్రవం ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, ఏ రంగులో వచ్చిందో రాసి ఉంచుకోవాలి.

ఒక కాల్‌లో అంతా బాగుందన్నారని నిశ్చింతగా ఉండరాదు. గాయంలో ఇన్ఫెక్షన్ చాలామందిలో ఇంటికి చేరాకే బయటపడుతుంది. ఆపరేషన్ జరిగిన రోజు నుంచి 30 రోజుల పాటు, కృత్రిమ కీలు అమర్చినవారైతే 90 రోజుల పాటు, కనిపెట్టి ఉండాలి.

ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, రక్తం ఆగకపోయినా, కుట్లు విడిపోయినా, పొట్ట బిగుసుకుని వాంతులు అవుతున్నా, రోగి మాట తడబడినా వీడియో కాల్ కోసం ఎదురుచూడకూడదు. నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

కాల్ ముగించే ముందు డాక్టరు చెప్పినదాన్ని సొంత మాటల్లో తిరిగి చెప్పి సరిచూసుకోవాలి. మధ్యలో లైను తెగితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో, రాత్రివేళ ఏ నంబరుకు చేయాలో అడిగి, ఆ నంబరును మంచం పక్కన గోడకు అంటించి ఉంచాలి.