పాము పిల్ల మేత ముట్టడం లేదా? పెట్టే ముందు ఇవి చూసుకోండి

మొదటి కుబుసం విడిచిందా? అప్పటిదాకా పిల్ల మామూలుగా ఏమీ తినదు. కళ్లు పాలనీలంగా మసకబారినా ఆగండి, కుబుసం విడవబోతోందన్నమాట.

కొత్తగా తెచ్చారా? వారం పాటు చేత్తో పట్టుకోకండి.

కార్న్ స్నేక్‌కైతే (ఇళ్లలో పెంచుకునే విషం లేని పాము) పెట్టెలో వెచ్చని వైపు 28–30 డిగ్రీలు ఉండాలి. చలికి మేత అరగదు, కక్కేస్తుంది. దాక్కోవడానికి ఇరుకైన చోటూ కావాలి.

ఫ్రీజర్‌లోని ఎలుక పిల్లను గోరువెచ్చని నీళ్లలో లోపలిదాకా కరగనివ్వండి. మైక్రోవేవ్ వద్దే వద్దు. తడి తుడిచి, పొడవాటి పటకారుతో, ఎలుక తల ముందుకు ఉండేలా పాముకు చూపించండి. ఎలుక పిల్ల పాము నడుముకన్నా లావు ఉండకూడదు.

ముఖం తిప్పుకుంటే వెంటపడకండి. మేత అక్కడే వదిలి, లైటు ఆర్పేయండి. పొద్దున్నకీ అలాగే ఉంటే పారేసి, ఐదారు రోజులు ఆగండి. రోజూ పెడితే దానికీ టెన్షనే, మీకూ టెన్షనే.

నోరు తెరిచి కుక్కడం మాత్రం పాములు తెలిసిన పశువైద్యుల పని.