కాలూ చెయ్యీ ఎంతవరకు ఆడుతున్నాయి? ఎనభై దాటినవాళ్లకు ఇంట్లోనే లెక్క

"ఒకరి చేత చేయించుకోకుండా వెళ్లిపోతే చాలు" అని గుంటూరు, బెజవాడ ఇళ్లలో పెద్దవాళ్లు తరచూ అంటుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యకర ఆయుర్దాయం పేరుతో లెక్కగట్టేది దాదాపు ఇదే. 2019కి మన దేశంలో ఆయుర్దాయం సుమారు 71 ఏళ్లు, అందులో ఆరోగ్యంగా గడిచేవి సుమారు 60. ఇవి పుట్టిన బిడ్డకు వేసిన అంచనాలు. 85 ఏళ్ల మామ్మగారికి వీటిని అన్వయించి "ఇంకేముందిలే" అనుకోవడం శుద్ధ తప్పు. ఆవిడ లెక్క ఆవిడకే విడిగా వేయాలి. అందుకు ఒక నోటుబుక్కు, సెకన్లు చూపించే ఫోను, బీపీ మిషను చాలు.

నోటుబుక్కులో రెండు పేజీలు పెట్టండి. ఒకదానిలో రోజూ చేసుకునే పనులు, రెండోదానిలో ఒంట్లో సత్తువ. వీటిని కలపకూడదు. చైనాలో 1998లో, 2008లో ఎనభై దాటినవాళ్లను పోల్చి చూసిన పెద్ద అధ్యయనం 2017లో వెలువడింది. తరవాతి తరంవాళ్లు రోజువారీ పనుల్లో ఇతరుల మీద ఆధారపడటం తగ్గింది. కానీ కుర్చీలోంచి లేవడం లాంటి పరీక్షల్లోనూ, జ్ఞాపకశక్తిలోనూ మునుపటివాళ్లకంటే వెనకబడ్డారు. ఇంట్లో సదుపాయాలు పెరిగితే పనులు సాగిపోతాయి, లోపల కండ కరుగుతున్న సంగతి బయటికి తెలియదు. అమెరికా నుంచి కూతురు ఫోన్ చేస్తే "బానే ఉన్నానమ్మా" అని వచ్చే జవాబు మొదటి పేజీకి సంబంధించిందే.

మొదటి పేజీలో ఆరు పనులు: స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం దిగి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోవడం, తినడం. ఒక్కోదానికి ఒక మార్కు. మనిషి సాయం, చివరికి పక్కన నిలబడి కాపలా కాయడం అవసరమైనా సున్నా. చేతికర్ర పట్టుకుని చేస్తే మార్కు ఇవ్వొచ్చు. వీపు ఒక్కటే ఎవరైనా రుద్దితే స్నానానికి మార్కు పోదు. అన్నం కలిపి పెట్టినా ముద్ద తనే నోట్లో పెట్టుకుంటే తినడానికి మార్కు ఉంటుంది. చీర కుచ్చిళ్ల దగ్గర సాయం చేస్తుంటే ఆ మాట పక్కన రాసి, ప్రతిసారీ ఒకేలా లెక్కించండి. చాలామంది "చేసుకోగలరా?" అని అడిగి పొరపడతారు. "నిన్న ఎవరు చేశారు?" అని అడగండి. టైమైపోతోందని కోడలు నీళ్లు పోసేస్తుంటే, ఆ ఒక్కరోజు ఆగి మామ్మగారినే పోసుకోనిచ్చి చూడాలి. సాధారణంగా ముందు పోయేది స్నానం, చివరిదాకా నిలిచేది తినడం. స్నానం దగ్గర మార్కు పోయినప్పుడే మేలుకోవాలి.

రెండో పేజీకి చేతులు లేని, 17 అంగుళాల ఎత్తున్న చెక్క కుర్చీ కావాలి. ప్లాస్టిక్ కుర్చీ నున్నటి గచ్చు మీద జారుతుంది, దాన్ని వాడొద్దు. కుర్చీ వీపును గోడకు ఆనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుంటారో లెక్కపెట్టండి. చెయ్యి ఊతం తీసుకుంటే సున్నా. 80–84 ఏళ్ల మగవాళ్లకు 10, ఆడవాళ్లకు 9; 85–89కి ఇద్దరికీ 8; 90–94కి మగవాళ్లకు 7, ఆడవాళ్లకు 4 కంటే తగ్గితే పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. పక్కన ఒకరు నిలబడాలి. తల తిరుగుతున్నా, గుండెనొప్పి ఉన్నా, ఈమధ్యే తుంటి ఆపరేషన్ అయినా ఈ పరీక్ష పెట్టొద్దు.

తరవాత నడక. అపార్ట్‌మెంట్ హాల్లో రెండడుగుల టైల్స్ ఐదు లెక్కపెడితే మూడు మీటర్లు. కుర్చీలోంచి లేచి, మామూలు నడకతో అక్కడిదాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చోవాలి. రోజూ వేసుకునే చెప్పులు, రోజూ పట్టుకునే కర్రతోనే నడవనివ్వండి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే జాగ్రత్తపడాలి. "త్వరగా, త్వరగా" అని తొందరపెడితే పరీక్ష పాడవుతుంది, మనిషీ పడతారు.

బీపీ ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూడండి. పై అంకె 20 లేదా కింది అంకె 10 పడిపోతే ఆ కాగితం డాక్టర్‌కు చూపండి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

మూణ్ణెల్లకోసారి, అదే కుర్చీ, అదే వేళ. నెమ్మదిగా తగ్గితే వ్యాయామం, ఇంటి సర్దుబాటు చూసుకోవాలి. వారంలోనే రెండు మార్కులు పోతే దాన్ని వయసు మీదికి నెట్టకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, నిమ్ము, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలెట్టిన మాత్ర, ఇలాంటిదేదో ఉంటుంది. ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

సత్తువకు మందు కూడా కుర్చీయే. చేతులున్న కుర్చీలోంచి ఊతంతో లేచి కూర్చోవడం ఐదుసార్లు, రోజుకు రెండు విడతలు. అలవాటయ్యాక ఊతం తగ్గించండి. కిడ్నీ జబ్బు లేకపోతే 50 కిలోల మనిషికి రోజుకు 50–60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలోనూ అంతే. చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటే అంత అందదు. పప్పు, గుడ్డు, పెరుగు ప్రతిపూటా పడాలి.

ఇంట్లో ముందు మార్చాల్సింది మంచం. కుంగిపోయిన నవారు మంచంలో తుంటి మోకాళ్లకంటే కిందికి దిగిపోతుంది, అందులోంచి లేవడం కుర్రవాళ్లకే కష్టం. పాదాలు నేలకు పూర్తిగా ఆనే ఎత్తులో గట్టి పరుపు ఉండాలి. పాత ఇళ్ల గడపలు తీయడానికి మనసొప్పకపోతే అంచున కొట్టొచ్చే రంగు వేసి, పక్కన పట్టుకునే కడ్డీ బిగించండి. బాత్రూంలో తువ్వాలు ఆరేసే రాడ్‌ను పట్టుకుంటే అది మనిషితో సహా ఊడి వస్తుంది. కమోడ్ పక్కన గోడలోకి లోతుగా బిగించిన స్టీలు కడ్డీయే నిలుస్తుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలకు ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. ఆ వయసులో దాహం సరిగ్గా తెలియదు, మూత్రం పోయే మాత్రలు వాడేవాళ్లకు మరీ ప్రమాదం. ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్‌ను ముందే అడిగి, అన్ని నీళ్లూ నింపిన సీసాలు పొద్దున్నే మంచం పక్కన పెట్టండి. సాయంత్రానికి ఎన్ని ఖాళీ అయ్యాయో నోటుబుక్కులో మూడో పేజీ తెరిచి రాయండి.